గెలాక్సీలో నక్షత్రాల తిరుగుడు: బరువు, వయసు, ఇరుగుపొరుగు

అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడుకునేది గెలాక్సీల్లో నక్షత్రాలు తిరిగే తీరు గురించి. ఒక్కో నక్షత్రం తన చుట్టూ తాను తిరగడం వేరే సంగతి, అది ఇప్పుడు మనకు అక్కర్లేదు. కోట్లాది నక్షత్రాలు కలిసి గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరుగుతాయి చూడండి, అదీ మన విషయం. సూర్యుడు సెకనుకు దాదాపు 230 కిలోమీటర్ల వేగంతో పాలపుంత కేంద్రం చుట్టూ పోతున్నాడు. ఒక చుట్టు తిరిగి రావడానికి ఇరవై రెండు, ఇరవై మూడు కోట్ల ఏళ్లు పడుతుంది. సూర్యుడి చుట్టుపక్కల ఉన్న నక్షత్రాలు కూడా కాస్త అటూ ఇటుగా అదే వేగంతో, అదే దిక్కుకు పోతున్నాయి.

అన్ని గెలాక్సీలూ ఇంతేనా? కాదు. కొన్నిట్లో నక్షత్రాలు ఇంతకంటే జోరుగా కదులుతుంటాయి, సెకనుకు మూడొందల కిలోమీటర్ల లెక్కన. కానీ ఒక్కోటీ ఒక్కో దిక్కుకు. దీపం చుట్టూ ముసిరిన పురుగుల్ని చూడండి: ప్రతి పురుగూ ఎగురుతూనే ఉంటుంది, గుంపు మాత్రం ఎటూ తిరగదు. అలాగన్న మాట.

ఈ తేడా ఎందుకొచ్చింది? గెలాక్సీ బరువు వల్లా? వయసు వల్లా? చుట్టూ ఎన్ని గెలాక్సీలు కిక్కిరిసి ఉన్నాయి అన్నదాని వల్లా? ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, చిక్కంతా అక్కడే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలా గెలాక్సీల విషయంలో ఇరుగుపొరుగు నేరుగా తిరుగుడు జోలికి పోదు. గ్యాస్ మీద పడుతుంది. గ్యాస్ పోతే కొత్త నక్షత్రాలు పుట్టవు, గెలాక్సీ ముదురుతుంది, ముదిరిన గెలాక్సీలో తిరుగుడు తక్కువ కనిపిస్తుంది. బాగా బరువైన వాటి కథ మాత్రం వేరు. ఎందుకలా అంటున్నానో ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

కొంచెం వెనక్కి వెళ్దాం. సర్పిల చేతులు లేకుండా బంతిలాగో కోడిగుడ్డులాగో ఉండేవి ఎలిప్టికల్ గెలాక్సీలు. అవి కొన్ని గుండ్రంగా, కొన్ని నొక్కినట్టుగా కనిపిస్తాయి. ఎందుకు నొక్కుకుపోయాయి? తిరుగుతున్నాయి కాబట్టే అని 1970ల దాకా అనుకున్నారు. భూమి ధ్రువాల దగ్గర చదునవడానికి కారణం అదే కదా. 1975లో బెర్తోలా, కపాచోలీ ఎన్‌జీసీ 4697 అనే గెలాక్సీని కొలిచారు. ఆ చదునుకు కావలసినంత తిరుగుడు అక్కడ లేదు. 1977లో ఇల్లింగ్‌వర్త్ మరికొన్ని ఎలిప్టికల్స్ కొలిస్తే వాటిలోనూ అదే తంతు. అంటే చదును తిరుగుడు వల్ల రాలేదు. నక్షత్రాల అడ్డదిడ్డపు కదలికలు అన్ని దిక్కులకూ సమానంగా లేకపోవడం వల్ల వచ్చింది. ఆ తర్వాత 1983లో డేవిస్ బృందం వెలుగు తక్కువ ఉన్న ఎలిప్టికల్స్‌ని కొలిచింది. అవి చక్కగా తిరుగుతున్నాయి! బరువుకీ తిరుగుడుకీ సంబంధం ఉందని అప్పుడే తేలింది. ఇంకో తమాషా ఏమిటంటే, మొదట అందర్నీ ఆశ్చర్యపరిచిన ఆ ఎన్‌జీసీ 4697, ఇవాళ్టి లెక్క ప్రకారం బాగా తిరిగే గెలాక్సీల జాబితాలోనే ఉంది.

అప్పట్లో కొలత సన్నటి చీలికతో జరిగేది. గెలాక్సీ మీద ఒక గీత పెట్టి, ఆ గీత మీద పడిన కాంతిని మాత్రమే విడదీసి చూసేవారు. గీత పక్కన ఏం జరుగుతోందో తెలియదు. ఇంటెగ్రల్ ఫీల్డ్ స్పెక్ట్రోగ్రాఫ్ వచ్చాక గెలాక్సీ ముఖంలో ప్రతి ముక్కకూ విడివిడిగా స్పెక్ట్రం, అంటే రంగులుగా విడదీసిన కాంతి, దొరికింది. స్పెయిన్‌కి చెందిన లా పాల్మా దీవిలో 4.2 మీటర్ల విలియం హెర్షెల్ టెలిస్కోప్ మీద సారాన్ అనే పరికరం ఇందులో ముందడుగు. దాని చూపు మేర 33 ఆర్క్‌సెకన్లకు 41 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), అందులో ప్రతి చిన్న కటకం ఒక ఆర్క్‌సెకను కంటే కాస్త తక్కువ. ఆ తర్వాత ఒకేసారి అనేక గెలాక్సీలను పట్టే పరికరాలు వచ్చాయి. సామీ సర్వేలో 13 ఫైబర్ (కాంతిని మోసే సన్నటి గాజు తీగ) కట్టలు, ఒక్కో కట్టలో 61 ఫైబర్లు. మూడు వేల పైచిలుకు గెలాక్సీలు. మాంగా సర్వేలో ఒకేసారి 17 గెలాక్సీలు, కట్టకు 19 నుంచి 127 ఫైబర్లు. మొత్తం సుమారు పదివేల గెలాక్సీలు. పదివేలు! చీలికతో కొలిచిన రోజుల్లో పదమూడు గెలాక్సీలుంటే పెద్ద లెక్క.

కొలత ఎలా చేస్తారు, ఎక్కడ తప్పుతుంది

ఇప్పుడు కాస్త ఓపిక పట్టండి. ఈ భాగం అర్థమైతే మిగతాదంతా తేలిక. ఇది అర్థం కాకుండా ఫలితాలు మాత్రం వింటే, రేపు ఇంకొకరు దానికి వ్యతిరేకంగా చెప్పినా నమ్మేస్తారు.

ఒక ముక్క స్పెక్ట్రంలో మనకు కావలసినవి నల్లగీతలు, నక్షత్రాల్లోని మూలకాలు కాంతిని మింగేసిన చోట్లు: 5170 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగం పొడవుకు కొలమానం) దగ్గర మెగ్నీషియం మూడు గీతలు, 3950 దగ్గర కాల్షియం జంట గీతలు, ఇలా. గీత పక్కకు జరిగితే సగటు వేగం తెలుస్తుంది. గీత వెడల్పైతే ఆ ముక్కలో నక్షత్రాల వేగాలు ఎంత చెదిరి ఉన్నాయో తెలుస్తుంది. మొదటిదాన్ని వి అంటారు, రెండోదాన్ని సిగ్మా అంటారు. ఎంత జరుగుతుంది గీత? సెకనుకు 150 కిలోమీటర్ల వేగానికి, 5000 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, రెండున్నర ఆంగ్‌స్ట్రామ్‌లు. అంతే. (ఇక నుంచి ‘సెకనుకు’ అని ప్రతిసారీ అనను, వేగం అంటే సెకనుకు కిలోమీటర్లే.)

పద్ధతి ఇదీ. గెలాక్సీ అంచుల్లో ఒక్కో ముక్క కాంతి బలహీనంగా ఉంటుంది, అందుకని పక్కపక్క ముక్కల్ని కలిపి ఒక గుంపు చేస్తారు, సిగ్నల్ తగినంత వచ్చేదాకా. దీనికి వొరొనోయ్ పద్ధతి వాడతారు. ఆ గుంపు స్పెక్ట్రంకి నిజమైన నక్షత్రాల స్పెక్ట్రాలు కలిపి సరిపోలుస్తారు. మైల్స్ అనే సేకరణలో అలాంటివి 985 నక్షత్రాలున్నాయి. వాటిని ఒక వేగంతో జరిపి, ఒక సిగ్మాతో వెడల్పు చేసి, గమనించిన స్పెక్ట్రం మీద కూర్చేదాకా సర్దుతారు. ఎక్కువమంది వాడే ప్రోగ్రాం పీపీఎక్స్‌ఎఫ్, కాపెల్లారి, ఎమ్‌సెల్లెమ్ 2004లో ఇచ్చింది. గ్యాస్ నుంచి వచ్చే ప్రకాశ గీతల్ని ముందు కప్పెయ్యాలి. లేకపోతే గ్యాస్ వేగం నక్షత్రాల వేగంలో కలిసిపోతుంది, గ్యాస్ ఎప్పుడూ నక్షత్రాల దారిలోనే పోదు కదా.

ఇప్పుడు అన్ని ముక్కల వి, సిగ్మా ఉన్నాయి. వీటిని ఒక్క అంకెలోకి ఎలా తేవాలి? 2007లో ఎమ్‌సెల్లెమ్ బృందం లాంబ్డా అనే కొలత ఇచ్చింది. లవంలో: ప్రతి ముక్కకూ దాని వెలుగు, కేంద్రం నుంచి దాని దూరం, వేగం గుర్తు తీసేసిన విలువ, ఈ మూడూ గుణించి కూడాలి. హారంలో: వెలుగు, దూరం అవే, వేగం బదులు వి వర్గం, సిగ్మా వర్గం కూడి తీసిన వర్గమూలం. మామూలుగా గెలాక్సీ వెలుగులో సగం పడే వ్యాసార్థం లోపలే ఈ లెక్క వేస్తారు. అంతా క్రమంగా తిరిగితే లాంబ్డా ఒకటికి దగ్గర. అంతా చెదిరితే సున్నాకి దగ్గర.

వి 150, సిగ్మా 100 అనుకోండి. వర్గాలు కూడితే 32,500, వర్గమూలం 180. 150ని 180తో భాగిస్తే 0.83. బాగా తిరిగే గెలాక్సీ. వి 20, సిగ్మా 280 అయితే? 0.07. ఇది తిరగని గెలాక్సీ.

దూరంతో ఎందుకు గుణించడం? ఉత్తి వి బై సిగ్మా చాలదా? చాలదు. ఎన్‌జీసీ 3379, ఎన్‌జీసీ 5813 అని రెండు గెలాక్సీలున్నాయి. రెండిటికీ వి బై సిగ్మా 0.14. కానీ మొదటిది మొత్తంగా తిరుగుతోంది. రెండోదాంట్లో నడిమధ్యన చిన్న గుంపు మాత్రమే తిరుగుతోంది, బయట అసలు తిరుగుడు లేదు. లాంబ్డా తీస్తే మొదటిదానికి 0.14, రెండోదానికి 0.06. దూరానికి విలువనిస్తే తేడా బయటపడింది.

2007లో 0.1 కంటే తక్కువైతే స్లో రొటేటర్, ఎక్కువైతే ఫాస్ట్ రొటేటర్ అన్నారు. 2011లో అట్లాస్ త్రీడీ సర్వే వాళ్లు గెలాక్సీ చదునును (గుండ్రంగా ఉంటే సున్నా, ఎంత నొక్కుకుపోతే అంత ఒకటికి దగ్గర) కూడా లెక్కలోకి తెచ్చారు: చదును వర్గమూలానికి 0.31 రెట్లు దగ్గర గీత గీశారు. 2016లో కాపెల్లారి ఇంకోటి సూచించాడు: 0.08కి చదునులో నాలుగో వంతు కలపండి, దానికంటే లాంబ్డా తక్కువ ఉండాలి, చదును కూడా 0.4 లోపే ఉండాలి. ఏ గీత వాడారో చూడకుండా రెండు సర్వేల శాతాలు పక్కపక్కన పెట్టకండి. ఇది చాలా మంది చేసే పొరపాటు.

ఆ చదును షరతు ఎందుకంటారా? ఎన్‌జీసీ 4550 అని ఒక గెలాక్సీ ఉంది. పక్కనుంచి చూస్తే పల్చటి పళ్లెమే. కానీ దాంట్లో రెండు పళ్లేలు ఒకదాంట్లో ఒకటి ఉండి ఎదురెదురుగా తిరుగుతున్నాయి, 1992లో వెరా రూబిన్ బృందం బయటపెట్టింది. కలిపి సగటు తీస్తే వి దాదాపు సున్నా, గీత వెడల్పు మాత్రం ఎక్కువ. లాంబ్డా పడిపోతుంది. నిజానికి ఆ నక్షత్రాలన్నీ క్రమంగానే తిరుగుతున్నాయి, సగం ఇటు, సగం అటు. చదును షరతు ఇలాంటి వాటిని బయటికి నెడుతుంది.

ఇక తప్పులు ఎక్కడ దొర్లుతాయో చూద్దాం. మొదటిది వాతావరణపు మసక. మసక వల్ల పక్కపక్క ముక్కల కాంతి కలిసిపోతుంది. ఇటు దూరంగా పోయేవి, అటు దగ్గరికి వచ్చేవి కలిస్తే వి తగ్గుతుంది, సిగ్మా పెరుగుతుంది. రెండూ కలిసి లాంబ్డాని కిందకే లాగుతాయి, పైకి ఎప్పుడూ కాదు. ఆకాశంలో చిన్నగా కనిపించే గెలాక్సీకి దెబ్బ ఎక్కువ. ఇప్పుడు ఆలోచించండి: మీ క్లస్టర్ (వందలు, వేల గెలాక్సీలు కిక్కిరిసిన పెద్ద గుంపు) గెలాక్సీలు దూరంగా ఉండి, ఒంటరి గెలాక్సీలు దగ్గరగా ఉన్నాయనుకోండి. ఏమవుతుంది? క్లస్టర్‌లో తిరుగుడు తక్కువ అని తేలుతుంది. కారణం క్లస్టర్ కాదు, మసక. అందుకే సగం వెలుగు వ్యాసార్థానికీ మసక వెడల్పుకీ నిష్పత్తి చూసి దిద్దుబాటు చేయాలి, మరీ చిన్నవాటిని వదిలేయాలి.

రెండోది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, చప్పుడు. ఇక్కడ చప్పుడు అంటే కొలతలో అటూ ఇటూ ఊగే పొరపాటు. లాంబ్డాలో వేగం గుర్తు తీసేస్తామని చెప్పాను కదా. అసలు తిరగని గెలాక్సీ తీసుకోండి, ప్రతి ముక్కలోనూ వేగం కొలతలో 15 పొరపాటు ఉందనుకోండి. ప్లస్ 15, మైనస్ 15 కొట్టుకుపోవాలి. కానీ గుర్తు తీసేశాం, కొట్టుకుపోవు. సగటున 12 మిగులుతుంది. సిగ్మా 280 ఉన్న గెలాక్సీలో అది 0.04, పెద్దగా ఇబ్బంది లేదు. సిగ్మా 60 ఉన్న చిన్న గెలాక్సీలో? 0.2! తిరగని గెలాక్సీ ఫాస్ట్ రొటేటర్ అయి కూర్చుంటుంది. మొత్తం గెలాక్సీ సగటు వేగాన్ని సరిగ్గా తీసేయకపోయినా ఇదే గతి.

మూడోది వాలు. పళ్లెంలాంటి గెలాక్సీ మనకు ఎదురుగా ముఖం పెట్టి ఉంటే, తిరుగుడు మన చూపు దారికి అడ్డంగా పోతుంది, డాప్లర్‌లో, అంటే గీత పక్కకు జరగడంలో, కనపడదు. వి 150, సిగ్మా 60 ఉన్న పళ్లెం 20 డిగ్రీలు వాలితే మనకు కనిపించే వి 51, లాంబ్డా 0.65. ఇంకా ఫర్వాలేదు. 5 డిగ్రీలే వాలితే వి 13, లాంబ్డా 0.2. గుండ్రంగా కనిపించే ప్రతిదీ తిరగదు అనుకోవడానికి లేదు. అదృష్టం ఏమిటంటే అంత కచ్చితంగా ముఖం తిప్పి ఉండే గెలాక్సీలు చాలా తక్కువ.

నాలుగోది పరికరం హద్దు. సామీ నీలి భాగంలోనూ మాంగాలోనూ పరికరం తనంతట తానే గీతల్ని సిగ్మా సుమారు 70 ఉన్నంత మేర వెడల్పు చేస్తుంది. దాంట్లో సగం కంటే తక్కువ, అంటే 35 లోపు సిగ్మా వస్తే ఆ ముక్కని నమ్మరు, తీసేస్తారు. ఇలా తీసేస్తే చల్లటి పల్చటి పళ్లేలే ఎక్కువ పోతాయి, అవే కదా బాగా తిరిగేవి! చిన్న గెలాక్సీల శాతాలు చూసేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

ఇంకోటి క్లుప్తంగా. పెద్ద గెలాక్సీల సగం వెలుగు వ్యాసార్థం దాకా ఫైబర్ కట్ట అందదు. లోపలి భాగమే కొలిస్తే లాంబ్డా సాధారణంగా తక్కువ వస్తుంది. క్లస్టర్ మధ్యలో ఉండేవి సరిగ్గా ఈ పెద్దవే. పైగా అక్కడ పక్క గెలాక్సీల వెలుగు మీద పడుతుంది. దాన్ని కప్పెయ్యకపోతే సిగ్మా అబద్ధం చెబుతుంది.

ఇరుగుపొరుగు సంగతి

ఇరుగుపొరుగును కొలవడం ఎలా? తేలిక పద్ధతి: ఐదో దగ్గరి పొరుగు గెలాక్సీ ఎంత దూరంలో ఉందో చూడండి. ఆ దూరం వ్యాసార్థంగా వృత్తం గీసి, ఐదుని ఆ వైశాల్యంతో భాగించండి. ఐదోది ఒక మెగాపార్సెక్ దూరంలో ఉంటే, అంటే దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాలు, సాంద్రత 1.6. అదే 0.2 మెగాపార్సెక్‌లో ఉంటే 40. ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. లోతు దూరం మనకు తెలియదు, వేగంతో అంచనా వేస్తాం. ప్లస్ మైనస్ 300 లోపు వేగం తేడా ఉన్నవే పొరుగు అని షరతు పెట్టారనుకోండి. కోమాలాంటి క్లస్టర్‌లో గెలాక్సీల వేగాలే వెయ్యి మేర చెదిరి ఉంటాయి. క్లస్టర్ వాళ్లలో నాలుగో వంతు కూడా మీ లెక్కలోకి రారు. అందుకే సామీ వాళ్లు వెయ్యి పెట్టుకున్నారు. దీనితోపాటు, ఆ గెలాక్సీ ఉన్న గుంపు మొత్తం బరువు ఎంత, గుంపులో అది కేంద్ర గెలాక్సీయా, చుట్టూ తిరిగే ఉపగ్రహమా అన్నవి కూడా చూస్తారు. నన్నడిగితే ఈ చివరిదే ఎక్కువ పనికొస్తుంది.

1980లో డ్రెస్లర్ 55 క్లస్టర్లు చూసి, కిక్కిరిసిన చోట స్పైరల్స్ (సర్పిల చేతులున్న గెలాక్సీలు) తగ్గుతాయి, ఎలిప్టికల్స్ పెరుగుతాయి అని చూపించాడు. అది ఆకారం సంగతి. ఆకారం కంటితో చూసి చెప్పేది. తిరుగుడు మాటేమిటి? అట్లాస్ త్రీడీ సర్వే 42 మెగాపార్సెక్‌ల లోపు 260 ఎలిప్టికల్, లెంటిక్యులర్ (పళ్లెం ఉన్నా సర్పిల చేతులు లేని) గెలాక్సీలను కొలిచింది. స్లో రొటేటర్లు 36. కేవలం 36! మిగతా 224 బాగా తిరిగేవే. కంటికి ఎలిప్టికల్ అనిపించిన వాటిలో కూడా మూడింట రెండొంతులు ఫాస్ట్ రొటేటర్లే. అంటే ఎలిప్టికల్ అన్న ముద్రలో రెండు వేరువేరు జాతులు కలిసిపోయి ఉన్నాయి.

సాంద్రతతో ఏమైంది? ఒంటరి ప్రదేశాల నుంచి గుంపుల వైపు వెళ్తుంటే స్పైరల్స్ తగ్గాయి, వాటి చోటులోకి ఫాస్ట్ రొటేటర్లు వచ్చాయి. స్లో రొటేటర్ల వాటా పెద్దగా కదల్లేదు. ఒక్క విర్గో క్లస్టర్ నడిబొడ్డున మాత్రం పెరిగింది. అక్కడ ఎవరున్నారు? ఎం87 లాంటి మహాకాయులు. ఎం87 దాదాపు గుండ్రం, లాంబ్డా సున్నాకి చాలా దగ్గర.

అయితే క్లస్టర్ నడుమ ఉండడం వల్ల తిరుగుడు పోయిందా? ఇక్కడే తొందరపడకూడదు. స్లో రొటేటర్లలో అసలైనవన్నీ సుమారు 20 వేల కోట్ల సూర్యుళ్ల బరువు దాటినవి. అంత బరువైనవి క్లస్టర్ మధ్యకి వాటంతట అవే దిగుతాయి. బరువైన గెలాక్సీ చిన్నవాటి మధ్య నుంచి పోతుంటే, దాని వెనక పోగైన ద్రవ్యం దాన్ని వెనక్కి లాగుతుంది. అది శక్తి పోగొట్టుకుని లోపలికి జారుతుంది. కాబట్టి మధ్యలో స్లో రొటేటర్లు కనబడడానికి కారణం చోటు కాకపోవచ్చు, బరువే కావచ్చు. తేల్చాలంటే ఏం చేయాలి? ఒకే బరువున్న గెలాక్సీల్ని తీసుకుని వేరువేరు చోట్ల పోల్చాలి. 2017లో వీల్ బృందం మాసివ్, అట్లాస్ త్రీడీ సర్వేల గెలాక్సీలు కలిపి ఆ పనే చేసింది. అదే ఏడాది బ్రఫ్ బృందం సామీలోని ఎనిమిది క్లస్టర్లతో చేసింది. రెండుచోట్లా ముఖ్యంగా తేలింది ఒకటే: బరువు సమానం చేస్తే, చోటు వల్ల వచ్చే తేడాలో చాలా భాగం మాయం.

వయసు వచ్చి లెక్క మార్చింది

ఇంతవరకూ పోటీ బరువుకీ చోటుకీ మధ్య. 2024లో క్రూమ్ బృందం సామీ మొత్తం సర్వేతో, స్పైరల్స్ కూడా కలిపి, మూడో అభ్యర్థిని దించింది: నక్షత్రాల వయసు. వాళ్లు వాడింది పాక్షిక సహసంబంధం. అంటే, ఒకదాని ప్రభావం తీసేశాక రెండోదానికి ఇంకా ఏమైనా మిగిలిందా అని చూడడం. వయసు ప్రభావం తీసేస్తే తిరుగుడుకీ బరువుకీ, తిరుగుడుకీ చోటుకీ చెప్పుకోదగ్గ సంబంధం మిగల్లేదు. బరువు, చోటు ప్రభావాలు తీసేసినా వయసు మాత్రం నిలిచింది.

దీని అర్థం ఏమిటి? గెలాక్సీ క్లస్టర్‌లోకి వేగంగా దూసుకొస్తుంది. క్లస్టర్ అంతా కోట్ల డిగ్రీల వేడి గ్యాస్ నిండి ఉంటుంది. ఆ గ్యాస్ సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే వచ్చే ఒత్తిడి, గెలాక్సీ తన గ్యాస్‌ని పట్టుకున్న పట్టు కంటే ఎక్కువైతే గ్యాస్ ఊడిపోతుంది. గన్, గాట్ 1972లో చెప్పిన లెక్క ఇది. నక్షత్రాలు? వాటికి ఏమీ కాదు. నక్షత్రాలు బాగా దట్టమైన ముద్దలు, గ్యాస్ ఒత్తిడి వాటిని కదపలేదు. వాటి కక్ష్యలు అలాగే ఉంటాయి. మరి కక్ష్యలు మారకుండా లాంబ్డా ఎలా తగ్గింది?

ఒక లెక్క వేసి చూపిస్తాను, రాసుకోండి. గెలాక్సీలో రెండు పొరలు ఉన్నాయనుకుందాం. కుర్ర నక్షత్రాల పల్చటి పళ్లెం: వి 150, సిగ్మా 50. ముసలి నక్షత్రాల మందపాటి పొర: వి 50, సిగ్మా 150. ఏ పొరకైనా వర్గాలు కూడితే 25,000, వర్గమూలం 158. వెలుగులో 70 శాతం పళ్లేనిది, 30 శాతం మందపాటి పొరది అనుకోండి. సగటు వి 120. లాంబ్డా 120ని 158తో భాగిస్తే 0.76. ఇప్పుడు గ్యాస్ పోయింది, కొత్త నక్షత్రాలు లేవు. వెలుగు ఎక్కువ ఇచ్చే భారీ నక్షత్రాలు ముందు చచ్చిపోతాయి. పళ్లెం వాటా 40 శాతానికి పడింది. సగటు వి 90, లాంబ్డా 0.57. ఒక్క నక్షత్రం కూడా దారి మార్చలేదు! లాంబ్డా మాత్రం 0.76 నుంచి 0.57కి దిగింది. ఎందుకంటే ఈ కొలతలో ఎవరికెంత వాటా అన్నది వెలుగే తేలుస్తుంది. కనిపించే వెలుగు ఎవరిదైతే వాళ్ల కదలికే లెక్కలోకి వస్తుంది.

సామీ ఫలితంలో కూడా, ద్రవ్యరాశి ప్రకారం తీసిన వయసు కంటే వెలుగు ప్రకారం తీసిన వయసుతోనే తిరుగుడు ఎక్కువ పొసిగింది. ఇలాంటి పనే జరుగుతోందనడానికి అది ఒక సూచన. పూర్తి జవాబు మాత్రం కాదు. పాతకాలంలో గ్యాస్ అల్లకల్లోలంగా ఉండేది, అందుకని ఆనాటి నక్షత్రాలు పుట్టడమే ఎక్కువ సిగ్మాతో పుట్టాయి అన్నది ఒక వాదన. పుట్టాక గ్యాస్ మేఘాలు, సర్పిల చేతులు, బార్లు (గెలాక్సీ నడుమ కడ్డీలా ఉండే నక్షత్రాల గుంపులు) నెట్టి నెట్టి కక్ష్యల్ని కొద్దికొద్దిగా చెదరగొట్టాయి అన్నది ఇంకోటి. పాలపుంతలో కూడా ముసలి నక్షత్రాల చెదురు కుర్రవాటి కంటే ఎక్కువే. రెండిట్లో ఏది ఎంత అన్నది ఇవాళ్టి గెలాక్సీలు మాత్రమే చూస్తే తేలదు.

ఇప్పుడు అదే లెక్కని చివరిదాకా లాగండి. పళ్లెం వెలుగు పూర్తిగా సున్నా చేయండి. మిగిలింది మందపాటి పొర ఒక్కటే: 50 బై 158, అంటే 0.32. స్లో రొటేటర్ గీత ఎక్కడుంది? చదును 0.2 అనుకుంటే 0.13 దగ్గర. ఎంత వెలుగు మాసినా గీత కిందికి దిగలేదు. దీన్ని బట్టి గ్యాస్ పోగొట్టుకోవడం, ముదరడం ఫాస్ట్ రొటేటర్‌ని ఇంకాస్త నెమ్మది ఫాస్ట్ రొటేటర్‌గా చేస్తాయి, స్లో రొటేటర్‌గా చేయలేవు. స్లో రొటేటర్ కావాలంటే కక్ష్యలే చెదరాలి. కక్ష్యలు చెదరాలంటే గెలాక్సీలు ఢీకొని కలవాలి.

అందులోనూ గ్యాస్ లేని కలయికలు కావాలి. గ్యాస్ ఉంటే అది కేంద్రం చుట్టూ మళ్లీ పళ్లెంగా సర్దుకుంటుంది, కొత్త నక్షత్రాలు కని తిరుగుడుని తిరిగి నిలబెడుతుంది. గ్యాస్ లేకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. చిన్నచిన్న గెలాక్సీలు నలుదిక్కుల నుంచీ వచ్చి పడితే ఒక్కోటీ ఒక్కో దిక్కు భ్రమణం మోసుకొస్తుంది, కూడితే కొట్టుకుపోతాయి. స్లో రొటేటర్లలో చాలావాటి నడిమధ్య నక్షత్రాలు తగ్గి వెలుగు చదునుగా ఉంటుంది, దానికీ ఇదే సాక్ష్యం. రెండు గెలాక్సీలు కలిస్తే రెండు మహా కృష్ణబిలాలు జంటగా తిరుగుతూ దగ్గరి నక్షత్రాలను బయటికి విసిరేస్తాయి. గ్యాస్ ఉండి ఉంటే కొత్త నక్షత్రాలు ఆ ఖాళీని నింపేసేవి.

ఇలాంటి కలయికలు ఎక్కడ జరుగుతాయి? క్లస్టర్ మధ్యలో అనుకుంటాం. ఆగండి. పెద్ద క్లస్టర్‌లో గెలాక్సీలు వెయ్యి వేగంతో ఒకదాని పక్కనుంచి ఒకటి దూసుకుపోతాయి. అంత వేగంలో కలవవు. కలవాలంటే వాటి లోపలి నక్షత్రాల వేగాల స్థాయిలో, రెండు మూడు వందల్లో దగ్గరికి రావాలి. అది చిన్న గుంపుల్లో సాధ్యం. కాబట్టి చిన్న గుంపులో కేంద్ర గెలాక్సీగా ఉన్నప్పుడే కలిసి కలిసి తిరుగుడు పోగొట్టుకుని, ఆ తర్వాత ఆ గుంపంతా క్లస్టర్‌లో పడినప్పుడు అది మధ్యకి జారి ఉంటుందన్నది నాకు నచ్చిన వివరణ. క్లస్టర్ సరిగ్గా నడిమధ్య ఉన్న గెలాక్సీకి మాత్రం మినహాయింపు ఉంది. వేగం పోగొట్టుకున్న ఉపగ్రహాలు చివరికి వచ్చి దాని మీదే పడతాయి.

క్రూమ్ బృందం ఫలితంలో చోటు ప్రభావం మిగిలింది కూడా ఇక్కడే. పదివేల కోట్ల సూర్యుళ్ల బరువు దాటిన గెలాక్సీల్లో, ఒకే బరువున్నా, ఉపగ్రహాల కంటే కేంద్ర గెలాక్సీల తిరుగుడు తక్కువ. చూశారా, పొరుగు సాంద్రత ఎంత అనే ప్రశ్న కంటే, గుంపులో నువ్వు ఏ స్థానంలో ఉన్నావు అనే ప్రశ్నకే జవాబు స్పష్టంగా వచ్చింది.

గతంలోకి చూస్తే దీనికి ఒక పరీక్ష దొరుకుతుంది. 2018లో లెగా-సీ సర్వే సుమారు 700 కోట్ల ఏళ్ల నాటి, నక్షత్రాలు పుట్టడం ఆగిపోయిన బరువైన గెలాక్సీల్ని కొలిచింది. ఇవాళ్టి వాటితో పోలిస్తే వాటి తిరుగుడు వాటా దాదాపు రెట్టింపు. ఇంకా వెనక్కి, వెయ్యి కోట్ల ఏళ్ల నాటి ఒక గెలాక్సీ, ముందున్న క్లస్టర్ గురుత్వం భూతద్దంలా పెద్దది చేసి చూపించింది, 2017లో ప్రకటించారు. కొత్త నక్షత్రాలు లేవు, గెలాక్సీ చిన్నది, బరువైనది. తిరిగే వేగం 500 పైనే! నక్షత్రాల పుట్టుక ఆగిపోయింది, తిరుగుడు ఆగలేదు. అంటే ఈ రెండూ ఒకే దెబ్బకి జరిగే పనులు కావు. పుట్టుక ముందు ఆగుతుంది. తిరుగుడు, పోతే గీతే, ఆ తర్వాత చాలాకాలం పట్టే కలయికల్లో పోతుంది. నడిమి కాలాన్ని, మూడు నాలుగు వందల కోట్ల ఏళ్ల క్రితాన్ని, మాగ్‌పై సర్వే చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోప్ మీద మ్యూజ్ పరికరంతో చూస్తోంది. ఆ దూరంలో మొదట చెప్పిన మసక దెబ్బ గట్టిగా తగులుతుంది. కాబట్టి అక్కడి నుంచి ఏ అంకె వచ్చినా, దిద్దుబాటు ఎలా చేశారో ఆ పేరా ముందు చదవండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.